బ్యాంకు ర్యాంపు మరీ నిటారుగా ఉంటే ఫిర్యాదు ఎవరికి?

హనుమకొండలో మా నాన్నగారు పింఛను కోసం చక్రాల కుర్చీలో వెళ్లే ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ గడప నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండగా, ర్యాంపు పొడవు 2 మీటర్లే. వాలు 1:12 మించరాదన్న ప్రమాణం ప్రకారం 5.4 మీటర్లు కావాలి. పట్టుకోవడానికి కమ్మీ లేదు, వాన పడితే చక్రాలు జారుతున్నాయి. రెండు నెలల క్రితం మేనేజరుకు నోటిమాటగా చెప్పాను, ఆ తర్వాత వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 45, 46 సెక్షన్లను పేర్కొంటూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. భవనం అద్దెదనీ, స్థలం లేదనీ, సిబ్బందే బయటికి వచ్చి సంతకం తీసుకుంటారనీ జవాబు వచ్చింది. అందరూ లోపల కూర్చుని చేసుకునే పనిని ఆయన రోడ్డు మీద చేసుకోవడం సమాన సేవ ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. ఇటువంటి శాఖపై ఫిర్యాదును హైదరాబాదులోని రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు పంపాలా, ఢిల్లీలోని చీఫ్ కమిషనరుకు పంపాలా?