భయపెడితే మారతామా? లేక ఇంకో రెండు వందల అడుగులు బోరు దింపుకుంటామా?

చంద్రగిరి_చిన్నోడు:
2021 నవంబరు వానలు మన తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు. ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు పడ్డాయి, మెట్లదారి వాగైపోయింది, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పుడు ఎక్కడ చూసినా వాతావరణ మార్పు మాటే. మరి ఇప్పుడు? వాగు పోరంబోకులో ప్లాట్లు అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం. నన్నడిగితే జనానికి భయం చాలదు. బడిలో, టీవీలో ఇంకా గట్టిగా భయపెట్టాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కల_మాస్టారు:
ముందు ఒక మాట. ఒక్క వరదను చూపించి ఇదంతా వాతావరణ మార్పే అనడం తొందరపాటు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కాబట్టి కుండపోతలకు అవకాశం పెరుగుతుంది. అంతవరకు సరే. వాగులో ఇల్లు కట్టడం మాత్రం మన ఘనకార్యమే.

బైరాగిపట్టెడ_అక్క:
భయం చాలదా తమ్ముడూ? 2021లో మన దేశంతో కలిపి పది దేశాల్లో, 16 నుంచి 25 ఏళ్ల పిల్లలు పదివేలమందిని అడిగారు. వాతావరణ మార్పు గురించి చాలా టెన్షన్ పడుతున్నామని 59 శాతం మంది అన్నారు. దాని వల్ల రోజువారీ పనులే దెబ్బతింటున్నాయని 45 శాతం పైగా చెప్పారు. ఇంకా ఎంత భయపెడతావు? ఏం చేయాలో చెప్పకుండా భయపెడితే మనిషి ఛానెల్ మారుస్తాడు. మా ఇంట్లో ఆ పని మా ఆయన చేస్తారు.

తోతాపురి_రైతు:
మాకు ఎవరూ భయం నేర్పక్కర్లేదన్నా. మామిడి పూత మీద ఉండగా అకాల వాన పడితే బూడిద తెగులు, తేనెమంచు పురుగు ఎలా దిగుతాయో రోజూ చూసేవాళ్లం. మా అసలు కష్టం ఇంకోటి. పక్కాయన బోరు ఎండింది, ఇంకా లోతుకు వేశాడు. ఆ నీళ్లలో నా బోరు వాటా కూడా ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. రేపు నేనూ వేస్తాను. నేను మోటారు కట్టేసినంత మాత్రాన నీళ్లు భూమిలో మిగలవు, ఆయన టమాటాకు పోతాయి. ఇది తెలివితక్కువతనం అంటే నేనొప్పుకోను.

గోడమీద_పిల్లి:
నేను చెప్పాలనుకున్నది రైతన్న చెప్పేశాడు. 1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరీక్ష పెట్టారు. ఫారం నింపుతున్న వాళ్ల గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే 10 శాతం మందే లేచారు. పొగ కళ్లలోకి వస్తున్నా పక్కవాడి మొహం చూశారు!

2024లో వచ్చిన 125 దేశాల సర్వే కూడా ఇదే చెబుతుంది. వాతావరణ మార్పును అడ్డుకోవడానికి నెల ఆదాయంలో 1 శాతం ఇస్తామన్నవాళ్లు 69 శాతం. మీ దేశంలో ఎంతమంది ఇస్తారంటే 43 శాతమే అనుకున్నారు. అంటే మనం బండబారిపోలేదు, పక్కవాడు బండ అనుకుంటున్నాం. ఇంకా భయపెడితే ఈ అపనమ్మకం పోతుందా?

లెక్కల_మాస్టారు:
సర్వేలో ఇస్తాననడానికి ఖర్చేముంది? హుండీ దగ్గర చెయ్యి జేబులోకి పోయినప్పుడు చెప్పండి.

గోడమీద_పిల్లి:
సరే, తిరుమలనే తీసుకోండి. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపేశారు. అలిపిరిలో బ్యాగు తెరిచి చూస్తారు. వీఐపీకీ, నడిచొచ్చేవాడికీ ఒకే రూలు కాబట్టి పెద్ద గొడవేం లేదు, స్టీలు సీసా పట్టుకుపోతున్నాం.

చంద్రగిరి_చిన్నోడు:
కొండ దిగి బస్టాండులో అదే మనిషి ప్లాస్టిక్ సీసా కొంటాడు. రూలు చేతిని ఆపింది, మనసుని కాదు.

గోడమీద_పిల్లి:
మనసు మారేదాకా ఆగాలా? అయినా రూలు లేకుండా జరిగినదీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, మన చిత్తూరుతో సహా, ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు. అందరూ కూర్చుని ఈ ఏడు ఇన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎంత అని లెక్క వేసుకున్నారు. వరి తగ్గించాలని ఎవరూ ఆర్డరు వేయలేదు. లెక్క అందరి కళ్లముందు ఉండేసరికి చాలాచోట్ల వాళ్లే తగ్గించారు. పక్కాయన ఎంత తోడుతున్నాడో ఊహించుకునే పని తప్పింది.

బైరాగిపట్టెడ_అక్క:
ఇది బాగుంది. అపార్టుమెంట్లలో కూడా పెట్టొచ్చు. మా బ్లాకులో ట్యాంకరు బిల్లు అందరికీ సమానంగా పంచుతారు, అందుకే ఎవరి కుళాయి కారినా ఎవరికీ పట్టదు.

తోతాపురి_రైతు:
కొలవడానికి నేను రెడీనే. మా ఊళ్లో ఇంకో పదిమంది కూడా వస్తారు. కానీ ఒక్కటి చెప్పండి పిల్లిగారూ. 2023లో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటింది కదా. అలాంటి నెలలో, గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో లెక్క రాసినా, ఎవడు మోటారు ఆపుతాడు? ఆ నెల గడవడానికి ఏమైనా ఏర్పాటు ఉంటే చెప్పండి, ఊళ్లో మాట్లాడతాను.