డ్రైవరును బట్టి ఆఫీసా, ఆఫీసును బట్టి డ్రైవరా?

గిడ్డంగి గుమాస్తా:
మా సహకార సంఘంలో ఎరువుల నిల్వలు, రైతుల ఖాతాలు మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వరులో ఉంటాయి. వాటిని ఓడీబీసీ (ప్రోగ్రాముకూ డేటాబేసుకూ మధ్య వారధి) ద్వారా ఎక్సెల్‌లోకి తెచ్చుకొని నెలవారీ పట్టికలు తయారుచేస్తాము. ఇటీవల వచ్చిన కొత్త కంప్యూటర్లలో 64 బిట్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉంది. పాత వాటిలో వాడిన 32 బిట్ ఓడీబీసీ డ్రైవరునే వీటిలోనూ వేసి పట్టిక తెరిస్తే, డ్రైవరుకూ అప్లికేషన్‌కూ ఆర్కిటెక్చర్ పొసగడం లేదన్న సందేశం వస్తోంది. కంప్యూటర్లు అమ్మినవారు ఆఫీసును తీసివేసి 32 బిట్‌ది వేసుకోమంటున్నారు. అది సరైన మార్గమేనా?

పాతకాపు:
సరైనదే. మీ పట్టికల్లో ఏళ్ల నాటి మాక్రోలు ఉండే ఉంటాయి. విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ వాక్యాల్లో 64 బిట్‌కు సరిపడుతుందని తెలిపే పీటీఆర్‌సేఫ్ అన్న మాట లేకపోతే, అవి 64 బిట్ ఆఫీసులో కంపైలే కావు. యాక్సెస్‌లో చేసిన పాత ఎండీబీ ఫైళ్లను చదివే జెట్ 4.0 ఇంజన్‌కు 64 బిట్ రూపమే లేదు. మైక్రోసాఫ్ట్ కూడా 2010లో తొలి 64 బిట్ ఆఫీసును తెచ్చినప్పుడు, చాలామందికి 32 బిట్‌దే తగినదని చెప్పింది. నడుస్తున్న బండి చక్రం ఊడదీయడం ఎందుకు?

కృష్ణాతీరం:
పాతకాపు గారితో ఏకీభవించలేను. 2019 ఆఫీస్ నుంచి అదే మైక్రోసాఫ్ట్ వేరేగా అడగనిదే 64 బిట్‌నే వేస్తోంది కాబట్టి, ఈనాటి నిర్ణయానికి 2010 నాటి సలహా ఆధారం కాజాలదు. అసలు విషయం వేరే ఉంది. ఓడీబీసీ డ్రైవరు విడిగా నడిచే ప్రోగ్రాం కాదు. దానిని పిలిచిన ప్రోగ్రాం, అంటే ఇక్కడ ఎక్సెల్, తన ప్రాసెస్‌లోకి (నడుస్తున్న తన రూపంలోకి) లోడ్ చేసుకొనే డీఎల్ఎల్, అంటే కోడ్ ఫైలు. 64 బిట్ ప్రాసెస్ 32 బిట్ డీఎల్ఎల్‌ను లోడ్ చేసుకోలేదు, 32 బిట్ ప్రాసెస్ 64 బిట్‌దానిని లోడ్ చేసుకోలేదు. కనుక పోల్చి చూడవలసింది డ్రైవరునూ ఎక్సెల్‌నూ మాత్రమే. విండోస్ ఎన్ని బిట్లది, సర్వరు ఎన్ని బిట్లది అన్న ప్రశ్నలకు ఇక్కడ చోటు లేదు, కానీ మనలో చాలామంది ముందుగా అడిగేవి అవే.

మీ ఎక్సెల్ సంగతి అకౌంట్ పేజీలోని అబౌట్ కిటికీలో పైవరుసలోనే కనిపిస్తుంది. తికమక పెట్టేది డ్రైవర్లనూ కనెక్షన్లనూ అమర్చే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్. 64 బిట్ విండోస్‌లో అవి రెండు ఉంటాయి. సిస్టమ్32 ఫోల్డరులో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64 లో ఉన్నది 32 బిట్‌ది. పేర్లు చూస్తే తలకిందులుగా తోస్తుంది గాని ఉన్నది అంతే. రెండింటి సిస్టమ్ డీఎస్ఎన్‌లూ (ఏ డ్రైవరుతో ఏ సర్వరును చేరాలో పేరు పెట్టి దాచిన అమరికలు) వేర్వేరు. ఒకదానిలో టెస్ట్ నొక్కితే విజయవంతమని రావడం రెండవ జాతి ఎక్సెల్ గురించి ఏమీ చెప్పదు. మై ఎస్‌క్యూఎల్ డ్రైవరు రెండు రూపాలూ ఒకే కంప్యూటరులో ఇమిడిపోతాయి కాబట్టి, 64 బిట్‌ది వేసి అదే పేరుతో డీఎస్ఎన్ చేస్తే చాలు. ఒక్క డ్రైవరు కోసం ఆఫీసునంతా తీసివేయడం అతి.

పాతకాపు:
మై ఎస్‌క్యూఎల్ వరకు ఒప్పుకుంటాను. కానీ యాక్సెస్ ఫైళ్లను చదివే ఏస్ ఇంజన్ అలా ఇమడదు. 32 బిట్ ఆఫీస్ ఉన్నచోట 64 బిట్ ఏస్‌ను వేయబోతే ఇన్‌స్టాలరే నిరాకరిస్తుంది, ఆఫీస్ 64 బిట్‌దై ఏస్ 32 బిట్‌దైనా అంతే. క్వయట్ స్విచ్‌తో (ఏమీ అడగకుండా ఇన్‌స్టాల్ చేయించే ఆదేశంతో) దొడ్డిదారిన వేసేవారున్నారు, నేను మాత్రం ఎవరికీ చెప్పను. యాక్సెస్ ఫైళ్లను ఏ ప్రోగ్రాములు చదువుతున్నాయో తెలియకుండా ఆఫీసును ఖాయం చేయకూడదన్నదే నా మాట.

అక్షరలక్ష:
ఇద్దరూ బిట్ల దగ్గరే ఆగిపోయారు. మై ఎస్‌క్యూఎల్ ఓడీబీసీ ఇన్‌స్టాలర్ యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ సరిపోయేది), ఆన్సీ (కొద్దిపాటి అక్షరాలకే పరిమితమైన పాత పద్ధతి) అని రెండు డ్రైవర్లను పెడుతుంది. బిట్లు సరిపోయినా, డీఎస్ఎన్‌ను ఆన్సీతో చేస్తే రైతుల పేర్లు ప్రశ్నార్థకాల వరుసలుగా వస్తాయి. ఏ సందేశమూ రాదు కాబట్టి అంకెలు మాత్రమే చూసేవారికి ఇది దొరకదు. ఎక్సెల్‌లో చదవడం వరకే అయితే డీఎస్ఎన్ మార్చుకుంటే పోతుంది. అదే యాక్సెస్‌లో లింకు చేసిన పట్టికలో పేరు దిద్ది సేవ్ చేశారా, ఆ ప్రశ్నార్థకాలే సర్వరులో నిలిచిపోతాయి, బ్యాకప్ తప్ప దిక్కుండదు. ఒత్తులు, గుణింతాలు దండిగా ఉన్న ఒక పేరును ఎక్సెల్‌లోకి రప్పించి చూసేదాకా పరీక్ష పూర్తయినట్లు కాదు.

గిడ్డంగి గుమాస్తా:
64 బిట్ డ్రైవరు వేశాము, ఎక్సెల్ తెరుచుకుంది. నిల్వల అంకెలన్నీ సరిపోయాయి, కానీ పేర్ల గడిలో అక్షరలక్ష గారు చెప్పినట్లే ప్రశ్నార్థకాలు వచ్చాయి. చూస్తే డీఎస్ఎన్ ఆన్సీ డ్రైవరుతో చేసి ఉంది. యూనికోడ్‌తో మళ్లీ చేశాక పేర్లు సరిగా వస్తున్నాయి. పాతకాపు గారి అనుమానమూ వట్టిది కాదు: రసీదులు ముద్రించే పాత ప్రోగ్రాం ఒకటి జెట్‌తో ఎండీబీ ఫైలులో రాస్తోందని, అందులో పీటీఆర్‌సేఫ్ లేని మాక్రోలు ఉన్నాయని తేలింది. దానిని తిరిగి రాయించేవరకు ఒక పాత కంప్యూటరును 32 బిట్ ఆఫీసుతో అలాగే ఉంచుతున్నాము, మిగతావి 64 బిట్‌లోనే నడుస్తాయి.