కెనడాలోని అల్బర్టాలో పశువుల ట్రక్కు పని: చేరే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న, కాల్గరీ నుంచి

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాకు క్లాస్ 5 (కారు లైసెన్స్) ఉంది. క్లాస్ 1 (పెద్ద ట్రెయిలర్ లారీ లైసెన్స్) తెచ్చుకుంటే పశువుల బండి మీద పెడతామని లెత్‌బ్రిడ్జ్ దగ్గర ఒక కంపెనీ అంటోంది. పంట కాలంలో ధాన్యం, గడ్డి కూడా తోలాలట. మన హెవీ లైసెన్స్ పనికొస్తుందా? ఇంకేం తెలుసుకోవాలి?

లెత్‌బ్రిడ్జ్ నుంచి

తమ్ముడూ, మన హెవీ లైసెన్స్ ఇక్కడ క్లాస్ 1 కాదు. మెడికల్, ఎయిర్ బ్రేక్ కోర్సు, శిక్షణ, రోడ్ టెస్ట్ ఏదీ తప్పదు. 2019 మార్చిలో వచ్చిన 113 గంటల మెల్ట్ అనే తప్పనిసరి శిక్షణ స్థానంలో 2025లో లెర్నింగ్ పాత్‌వే అనే కొత్త పద్ధతి వచ్చింది. పాత వీడియోలు చూసి ఫీజు లెక్కలు వేసుకోకు. పశువుల రవాణాకు సీఎల్‌టీ అనే సర్టిఫికెట్ వేరే ఉంది, అదీ చేసుకో.

అసలు సంగతికొస్తా. ఈ పనిలో గడియారాలు రెండు. ఒకటి నీది. ప్రావిన్స్ దాటే కంపెనీలకు వర్తించే ఫెడరల్ రూల్ ప్రకారం రోజుకు డ్రైవింగ్ 13 గంటలు, మొత్తం డ్యూటీ 14. లోడింగ్ దగ్గర నిలబడ్డ సమయమూ డ్యూటీయే, గంటలు నమోదు చేసే యంత్రం ఈఎల్‌డీలో పడుతుంది.

రెండోది పశువులది. ఇది తెలియకే కొత్తవాళ్లు ఇరుక్కుంటారు. 2020 ఫిబ్రవరి 20 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం మేత, నీళ్లు, విశ్రాంతి లేకుండా ఉంచగలిగేది పెద్ద పశువులను 36 గంటలు, పందులను, గుర్రాలను 28. గడ్డీ దాణాతోనే బతకలేని పాలదూడలకు 12 మాత్రమే. ఈ లెక్క బండి ఎక్కినప్పుడు మొదలుకాదు, ఆఖరిసారి మేతా నీళ్లూ అందిన క్షణంలో మొదలవుతుంది. ఫీడ్‌లాట్‌లో (పశువులను మేపి బలిపించే పెద్ద దొడ్డి) సాయంత్రం 6కి మేత, నీళ్లు ఆపేసి, నీకు పొద్దున 5కి లోడ్ ఎక్కిస్తే, ఇంజను తిప్పకముందే 11 గంటలు పోయినట్టే. మిగిలింది 25. అందుకే ముందు అడగాల్సింది దారి కాదు, “ఆఖరి మేత ఎప్పుడు, ఎక్కడ?” అని. ఆ తేదీ, గంట, చోటు, పశువుల పరిస్థితి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ కేర్ (పశువుల బాధ్యత అప్పగింత) కాగితం మీద రాసి మాంసం ప్లాంటులోనో సంతలోనో అప్పజెప్పాలి. తీసుకున్నవాళ్ల అంగీకారం దాని మీద లేకుండా కదలకు. ఎవరో దించుకుంటారులే అని ఖాళీ చేసి వచ్చేస్తే బాధ్యత ఇంకా నీదే.

ఎక్కించే ముందు ఒక్కో పశువు నడక చూడు. లేవలేనిదాన్ని, ఎముక విరిగినదాన్ని, గత 48 గంటల్లో ఈనినదాన్ని, చూడి కాలంలో చివరి పది శాతంలో ఉన్నదాన్ని (ఆవుకైతే సుమారు 28 రోజులు) వైద్యానికి తప్ప ఎక్కించకూడదు. కొంచెం కుంటేదాన్ని తీసుకెళ్లొచ్చు గానీ విడిగా ఎక్కించాలి, బండి లోపలి ర్యాంపు ఎక్కించకూడదు, 12 గంటలు దాటకూడదు, దగ్గర్లో ఉన్న చోటికే పోవాలి. రైతు ఎంత బతిమాలినా “ఇది రాదు” అనడం నేర్చుకో. తనిఖీలో ఆపితే సమాధానం చెప్పాల్సింది నువ్వు కూడా.

రెడ్ డీర్ నుంచి

పైన అన్న చెప్పినదానికి బండి సంగతి కలుపుతాను. పశువులకు వాడేది పాట్ ట్రెయిలర్: ముక్కు, బొడ్డు, పై డెక్, తోక అని గదులు. వెనక మూడు యాక్సిళ్లుంటే మొత్తం బరువు 46,500 కిలోల దాకా రావచ్చు, యాక్సిళ్ల మధ్య దూరాన్ని బట్టి తగ్గుతుంది. ఖాళీ బండి 18,500 అనుకుంటే సరుకు 28,000. ఒక్కోటి 650 కిలోల పశువైతే 43. ఆ 43 కూడా ఎటుపడితే అటు కుదరదు. ముందు గదుల్లో ఎక్కువ నింపితే డ్రైవ్ యాక్సిళ్లు (ట్రాక్టర్ వెనక, ఇంజను తిప్పేవి) 17,000 కిలోల పరిమితి దాటిపోతాయి, మొత్తం సరిపోయినా కాటా దగ్గర పట్టేస్తారు.

ములుకర్ర అలవాటు ఉంటే ఊళ్లోనే వదిలేసి రావాల్సింది. పశువుకు భుజం దగ్గర ఒక గీత ఉందనుకో. నువ్వు దాని వెనక ఉంటే ముందుకు కదులుతుంది, ముందు ఉంటే వెనక్కి తగ్గుతుంది. అరవకుండా, చిన్న గుంపులుగా తోలితేనే పని త్వరగా అవుతుంది.

నీ సరుకు నిలబడి ఉంటుంది, పైగా ఎత్తులో ఉంటుంది. మొదటి కొన్ని కిలోమీటర్లు నిదానంగా పోనీ, కాళ్లు నిలదొక్కుకుంటాయి. మలుపులో బోర్డు మీద రాసిన వేగం కార్లకు సరే, నీకు ఇంకా తగ్గాలి. పశువుల బండ్లు ఎక్కువగా కుడివైపుకే బోల్తాపడతాయి: తెల్లవారుజామున కునుకు, కుడి చక్రాలు కంకరలోకి దిగడం, ఉలిక్కిపడి స్టీరింగ్ లాగడం. దిగితే లాగొద్దు, వేగం తగ్గించి మెల్లగా ఎక్కించు. పడితే మాత్రం గేట్లు తెరిచి పశువులను హైవే మీదికి వదలకు. 911కి ఫోన్ చేసి, లోపల జీవాలున్నాయని మొదటి మాటలోనే చెప్పు.

ఎండాకాలంలో ఆగడమే ప్రమాదం. బండి ఆగితే గాలి ఆగుతుంది, పందులు నిమిషాల్లో వేడెక్కిపోతాయి. కాఫీ, డీజిల్ లోడ్‌కు ముందే కానిచ్చెయ్యి. చలికాలంలో పక్క రంధ్రాలకు బోర్డులు బిగించి, పొడి పొట్టు పరవాలి. మొత్తం మూసేస్తే లోపల తేమ పట్టి జంతువులు తడిసిపోతాయి, అది ఇంకా చేటు.

సాస్కటూన్ నుంచి

గడ్డి గురించి ఎవరూ రాయలేదు. బేళ్లు దారిలో కుదించుకుపోతాయి, బెల్టులు వదులవుతాయి. మొదటి 80 కిలోమీటర్లలోపు ఒకసారి, తర్వాత 3 గంటలకో 240 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు బిగింపు చూడాలి. బెల్టులన్నిటి పని సామర్థ్యం కలిపి సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. ధాన్యంలో కనోలా ఆవాల్లాంటిది, హాపర్ (గరాటులాంటి ధాన్యం ట్రెయిలర్) గేటులో వెంట్రుకంత సందున్నా కారిపోతుంది. గింజ ఇరుక్కుంటే కింద గేటు తెరిచి ఉండగా లోపలికి దిగొద్దు, మునిగిపోతావు.

ఇక జీతం. టీ4 (ఉద్యోగి జీతం స్లిప్పు) మీద ఇస్తారా, నిన్ను సొంత కంపెనీ పెట్టుకోమంటారా? రెండోదైతే పన్ను, సీపీపీ (పింఛను చందా), గాయమైతే బీమా అన్నీ నీ నెత్తిమీదే. ప్లాంటు ముందు వరసలో ఉన్న గంటలకు, బండి కడిగే గంటలకు డబ్బిస్తారా అన్నది రాతలో తీసుకో. కిలోమీటరు లెక్క మాత్రమే చెప్పేవాళ్లతో జాగ్రత్త. ఎల్‌ఎంఐఏ (విదేశీయుణ్ని పనిలో పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి) కోసం ఎవరైనా నిన్ను డబ్బు అడిగితే అది చట్టవిరుద్ధం.

కాల్గరీ నుంచి

థాంక్స్ అన్నా. ఒకటే సందేహం, ఆవులను కబేళాకు తోలడం ఇంట్లో ఒప్పుకోరు. చేరాక చెప్పొచ్చా?

లెత్‌బ్రిడ్జ్ నుంచి

ముందే చెప్పు. ఇక్కడి ఫీడ్‌లాట్ల నుంచి లోడ్లు ఎక్కువగా హై రివర్, బ్రూక్స్ ప్లాంట్లకే పోతాయి, తప్పించుకోలేవు. ధాన్యం, దాణా, ఎరువు మాత్రమే తోలే కంపెనీలూ ఉన్నాయి. అక్కడైతే సూపర్ బీ (రెండు ట్రెయిలర్ల బండి) మీద పని, 63,500 కిలోలు. మంచు కరిగే కాలంలో రోడ్ల మీద బరువు తగ్గిస్తారు, అప్పుడు లోడ్లు తగ్గుతాయి. ఆ నెలల్లో జీతం ఎలా ఇస్తారో అదీ అడుగు.