బోరు దూరమైతే మోటారు దగ్గర వోల్టేజి ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా):

అందరికీ నమస్కారం. ఇంటి మీటరుకు 50 మీటర్ల దూరంలో ఉన్న మా పాత బోరు ఎండిపోవడంతో, వంశధార వైపు 150 మీటర్ల దూరంలో కొత్తది వేయించి, మునుపటి రకం వైరునే, అంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరునే, అక్కడిదాకా లాగించాను. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు ఇప్పుడు మూలుగుతూ ఆలస్యంగా అందుకుంటోంది. నడుస్తున్నప్పుడు ఇంట్లో 225 వోల్టులు ఉంటే బోరు దగ్గర 203 మాత్రమే ఉంటున్నాయి. మోటారు ఆపితే రెండుచోట్లా 225 చూపిస్తోంది. వైరు పొడవే కారణమైతే, ఆపినప్పుడు కూడా తగ్గాలి కదా?

జవాబు (పర్లాకిమిడి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు):

అయ్యా, అసలు విషయం మీరు గమనించిన ఆ తేడాలోనే ఉంది. పొడవు పెంచేది తీగ నిరోధాన్ని. ఆ నిరోధం గుండా కరెంటు ప్రవహిస్తేనే వోల్టేజి పడిపోతుంది. మోటారు ఆగితే కరెంటు లేదు కనుక తగ్గుదలా లేదు. రాగిలో కదిలే ఎలక్ట్రాన్లకు వేడితో కంపించే అయాన్లు అడ్డు తగులుతుంటాయి, మొదటి మీటరులో ఎంత ఆటంకమో నూరో మీటరులోనూ అంతే ఉంటుంది. అందువల్ల పొడవు మూడింతలైతే నిరోధమూ మూడింతలవుతుంది. జార్జ్ సైమన్ ఓమ్ 1826లో ఒకే మందం గల రాగి తీగలను వేర్వేరు పొడవుల్లో తీసుకొని కొలిచింది ఈ సంబంధాన్నే. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు మీ బోరు ఉదాహరణను వాడుకుంటాను.

జవాబు (సిరొంచ, వైరింగు పని చేసేవాడిని):

చాలామంది మరిచిపోయేది ఒకటుంది: కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక 300 మీటర్లు లెక్కించాలి. ఈ వైరుకు కిలోమీటరుకు నిరోధం సుమారు 12.1 ఓములు, అంటే మీకు 3.6 ఓములు. మోటారు 6 ఆంపియర్లు తీసుకుంటే దాదాపు 22 వోల్టులు పోతాయి. మీ మీటరు చూపినది అదే. సుమారు 130 వాట్లు వైరును వేడి చేయడానికే ఖర్చవుతున్నాయి. పాత బోరుకు 7 వోల్టులే పోయేవి కనుక మీకు తెలియలేదు. మొదలయ్యే క్షణంలో మోటారు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, తిప్పే బలమేమో వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ఆ మూలుగు అందుకే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే తగ్గుదల 8 వోల్టులకు దిగుతుంది.

ప్రశ్న వేసినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. దారిలో రెండు అతుకులు కూడా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచవచ్చా?

జవాబు (సిరొంచ):

వద్దండీ. వదులైన అతుకు చిన్నదే అయినా మీటర్లకొద్దీ వైరంత నిరోధాన్ని ఒక్కచోటే తెచ్చి, అక్కడే కాలుతుంది. అతుకు లేకుండా ఒకే చుట్ట నుంచి వేయించండి.