ఆందోళనకు కంప్యూటర్ గ్రూప్ చికిత్స: మా చెల్లెల్ని చేర్చమంటారా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా చెల్లెలు డీఎస్సీకి చదువుతోంది. ఏడాదిగా అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది, గుండె దడ, అరచేతుల నిండా చెమట. ఈసీజీ, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పరీక్షలో 21కి 16 వచ్చింది. తీవ్రమైన ఆందోళనే అన్నారు డాక్టరు గారు.

ఇప్పుడొక అధ్యయనం వాళ్లు పిలుస్తున్నారు. వారానికోసారి, ఆరు వారాలు. ఎనిమిది మంది ఒకే గదిలో, ఒక్కొక్కరి ముందు ఒక కంప్యూటర్. భయపెట్టే ఆలోచనను తెర మీద రాసుకుని, దానికి ఆధారముందా అని తరచి చూసుకోవాలి. తర్వాత కౌన్సెలర్ అందరితో మాట్లాడిస్తారు. సీబీటీ (ఆలోచనల తీరు, ప్రవర్తన మార్చుకునే మాటల చికిత్స) పద్ధతే. అది ఆందోళనకు పనిచేస్తుందని తెలుసు, నా అనుమానం దాని మీద కాదు.

చీటీలు తీసినట్టు సగం మందిని ఇప్పుడే చేర్చుకుని, మిగతావాళ్లను రెండు నెలలు ఆగమంటారట. పోల్చి చూడాలంటే అది తప్పదు, అర్థమైంది. కానీ మా చెల్లెలి వంతుకు ఆగడమే వస్తే? ఇప్పటికే చిక్కి సగమైంది పిల్ల.

ఇంకోటి, మన ఊళ్లో ఎవరో ఒకరు తెలిసినవాళ్లు తగులుతారు. తెలిసిన మొహం కనబడితే అది నోరు విప్పదు.

సీటీఆర్‌ఐ (మన దేశంలో వైద్య అధ్యయనాలను నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించారు. ఎప్పుడైనా మానేయొచ్చని సమ్మతి పత్రంలో ఉంది. ప్రస్తుతం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడుతోంది, కొంచెం ఊరట.

ఇలాంటి గ్రూపులో కూర్చున్నవాళ్లు ఉన్నారా? అక్కడ చెప్పుకున్నది బయటికి రాలేదు కదా? ఆగమన్న రోజుల్లో మీరు ఎలా నెట్టుకొచ్చారు? శనివారంలోగా సంతకం పెట్టాలి, దయచేసి చెప్పండి.