తడలో ఉన్న ఫైబర్ బోటు అమ్మాలి, ఎంత చెప్పాలి?

తిరుపతి_బాబు:
2019లో నేనూ మా బావమరిదీ కలిసి కొన్న 18 అడుగుల ఫైబర్ బోటు. 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజను. అప్పట్లో అంతా కలిపి 3 లక్షల 10 వేలయింది. ఆదివారాలు పులికాట్‌లో తిరుగుదామని మా సరదా. వాడు బెంగళూరు వెళ్లిపోయాడు. రెండేళ్లుగా తడలో తెలిసినాయన తోటలో టార్పాలిన్ కింద పడుంది. రెండున్నర చెప్తే, చూసినాయన లక్షా పదికి అడిగాడు! ఇంత తేడా ఏంటి?

పేట_మెకానిక్:
బాబన్నా, బోటుకంతా కలిపి ఒక రేటు ఉండదు. బాడీ వేరు, ఇంజను వేరు. ఇంజను బాగుంటే దానికొక్కదానికే మనుషులొస్తారు. రెండేళ్లు నిలబెట్టినావంటే కార్బొరేటర్‌లో పాత పెట్రోలు జిగురైపోయుంటుంది. ముందు అది కడిగించు. గేరాయిల్ కొంచెం వదిలి చూడు. పాలు కలిసిన టీ మాదిరి ఉంటే సీలు పోయి నీళ్లు దిగినట్టే. ఉప్పునీళ్లలో తిప్పినాక ప్రతిసారీ మంచినీళ్లతో కడిగినావా? అదే అసలు ప్రశ్న.

తిరుపతి_బాబు:
మొదటి ఏడాది కడిగాం. తర్వాత... సరే, చెప్పను.

గాలం_రాజు:
నేను కొనేవాడి వైపు నుంచి చెప్తా. నాకు అమ్మినాయన తాడు ఒక్క లాగుకే స్టార్ట్ చేసి చూపించాడు. మురిసిపోయా. ఇంటికొచ్చాక తెలిసింది, నేను పోయేలోపే వేడెక్కించి పెట్టాడని. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు ఇంజను మూత మీద చెయ్యి పెడతా. చల్లగా ఉంటేనే మాట. ఇంకోటి, వెనక ఇంజను బిగించే పలక. ఇంజను కింది కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక కూడా కదిలిందంటే లోపల చెక్క నానిపోయినట్టే. వేలి మెటికతో కొట్టి చూస్తే టంగుమనాలి. మొద్దుగా పలికిన చోట అనుమానించాల్సిందే. ఆ పలక మార్చడానికి నాకు బేరంలో మిగిలిందంతా పోయింది.

కోట_చిన్నోడు:
ఇప్పుడే తొందరపడి అమ్మొద్దు సామీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా. మొదట్లో ఎవరి చేతిలోనూ డబ్బులాడవు. మే చివర్లో వలలు బాగు చేసుకుంటా, బోట్లు వెతుక్కుంటా ఉంటారు. అప్పుడు చెప్పు.

గాలం_రాజు:
కాగితాలు మర్చిపోకండి. చేపలవేట బోటుగా రిజిస్టరై ఉంటే పేరు మార్పించాకే తాళం ఇవ్వండి. మా పెదనాన్న నోటిమాట మీద ఇచ్చేశాడు. ఆ బోటు ఎక్కడో ఇంకో బోటుకు తగిలితే పంచాయితీకి ఈయన్నే పిలిచారు.

తిరుపతి_బాబు:
ఆలస్యంగా చెప్తున్నా, ఏమనుకోకండి. కార్బొరేటర్, ఇంజను చల్లబడ్డానికి నీళ్లు తోడే రబ్బరు, ప్లగ్గులు, గేరాయిల్ అన్నీ కలిపి 6,400 అయింది. మే 27న వాకాడు వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములొచ్చారు. పెద్దాయన పలకరించకుండానే నేరుగా వచ్చి మూత మీద చెయ్యి పెట్టాడు. నాకు నవ్వాగలేదు. డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజను దించితే నాలుగో లాగుకు అందుకుంది, పక్కనుంచి నీళ్లు సన్నగా ధార కట్టాయి. ఆయన ఆ ధార కింద చెయ్యి పెట్టి, వేడి చూసుకుని, తమ్ముడి వైపు తలూపాడు. రెండు చెప్పాను, లక్షా డెబ్బై రెండుకు తెగింది. సగం బావమరిదికి పంపిస్తే, "నన్నడక్కుండా అమ్మేశావా బావా" అని అలిగి కూర్చున్నాడు.