ఘిర్లాందాయో చిత్తరువులోని రెండు లాటిన్ పాదాలు: తెలుగులో ఎలా చెబితే బాగుంటుంది?

మాడ్రిడ్‌లోని థిస్సెన్ మ్యూజియంలో జొవాన్నా తొర్నబువోని అనే ఫ్లోరెన్స్ అమ్మాయి చిత్తరువు ఉంది. వేసినవాడు దొమెనికో ఘిర్లాందాయో. ఆమె మెడ వెనక అంటించినట్టు గీసిన చీటీ మీద ఈ పాదాలు, కింద రోమన్ అంకెల్లో 1488:

ఆర్స్ ఉతినమ్ మోరెస్ అనిముమ్‌క్వె ఎఫ్ఫింగెరె పొస్సెస్
పుల్క్రియోర్ ఇన్ తెర్రిస్ నుల్లా తబెల్లా ఫోరెత్

నా ప్రయత్నం: "ఓ కళా! నడవడినీ మనసునూ కూడా నువ్వు గీయగలిగితేనా, ఈ భూమ్మీద ఇంతకన్నా అందమైన పటం ఉండేదే కాదు."

మూలం రోమన్ కవి మార్షల్‌ది. ఓ ముసలాయన నడివయసు నాటి చిత్తరువు గురించి రాశాడు. అందులో ఉన్నది 'పొస్సెత్', అంటే కళ గీయగలిగితే. చీటీ మీద 'పొస్సెస్', నువ్వు గీయగలిగితే. ఒక్క అక్షరం మారేసరికి కళను ఎదురుగా నిలబెట్టి అడిగినట్టయింది. '-తే' చేర్చి చెప్పే మన చేదర్థకంలో ఆ తేడా కనిపించదు. 'గీయగలిగితే' అన్నది నాకూ నీకూ ఆమెకూ ఒకటే. అందుకే 'ఓ కళా', 'నువ్వు' రెండూ చేర్చాను.

ఇక బొమ్మ సంగతి. జొవాన్నా పూర్తిగా పక్కకు తిరిగి ఉంటుంది, పాత రోమన్ నాణేల మీది తలల్లాగా. కనిపించేది ఒకటే కన్ను, అదీ మనల్ని చూడదు. కానీ అప్పటికే చిత్తరువు చాలా దూరం వచ్చేసింది. 1433లో యాన్ వాన్ ఐక్ గీసిన ఎర్ర తలపాగా మనిషి సూటిగా మన కళ్లలోకి చూస్తాడు. ఇదే ఫ్లోరెన్స్‌లో 1470లలో లియొనార్డో జినెవ్రా దె బెంచి ముఖాన్ని మనవైపు తిప్పాడు. నూనె రంగు ఆరకముందే వేళ్లతో అద్ది నీడలు కలిపాడు. ఆ వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. బిగించిన ఆ పెదవులు చూస్తే ఆమె మనసులో ఏదో ఉందని తెలిసిపోతుంది.

ఘిర్లాందాయోకి అది చేతకాక కాదు. ముక్కు నిండా బొడిపెలున్న తాతను, ఆయన్నే చూస్తున్న మనవణ్ణి గీసింది ఆయనే. ఆ తాత చూపులోని ప్రేమ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. జొవాన్నా మాత్రం 1488లోనే, రెండో బిడ్డ కడుపులో ఉండగా, ఇరవై నిండకుండా చనిపోయింది. ఆమెకు ఈ పక్క చూపే తగినదని ఎంచుకున్నాడని నా నమ్మకం. అలా చదివితే ఆ పాదాల్లో నాకు వినిపించేది దుఃఖమే.

'మోరెస్' దగ్గరే నాకింకా తృప్తి లేదు. 'శీలం' అంటే ఆడవాళ్ల విషయంలో అర్థం ఒకవైపే పోతుంది, 'గుణం' అంటే మరీ పలచబడుతుంది. అందుకని 'నడవడి' దగ్గర ఆగాను. ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి.